నేల, ఆచారం, చదువు: ఘనాలోనూ మనలోనూ

ఒక దేశం ఎందుకు బాగుపడింది, మరొకటి ఎందుకు వెనకబడింది అనే చర్చ మన విందుల్లో భోజనాలయ్యాక వస్తూనే ఉంటుంది. ఆఫ్రికా మాట వచ్చేసరికి "వాళ్ళకి కష్టపడే అలవాటు లేదండీ" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. పక్కన కూచున్న పిల్లలు వింటూ ఉంటారు. అమ్మా నాన్నా చదువుకుని, కష్టపడి పైకొచ్చారు కాబట్టి రాలేని వాళ్ళది వాళ్ళ తప్పే అనే లెక్క అక్కడే వాళ్ళ మనసుకెక్కుతుంది. ఆ లెక్క ఎంతవరకు సరైనదో చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

నేను పనిచేసిన ఆసుపత్రిలో పదిహేనేళ్ళపాటు ఫార్మసిస్టుగా ఉన్నాయన ఘనా దేశస్థుడు. కుమాసీ దగ్గర పల్లెటూరు. ఆయన తన ఊరి సంగతులు చెబుతూంటే సగం మా కృష్ణా జిల్లా సంగతులే అనిపించేవి.

ముందు నేల మాట. ఘనా దక్షిణాన అడవి, ఏడాదికి రెండు వానాకాలాలు. ఉత్తరాన ఒక్కటే వానాకాలం, ఆ తర్వాత నెలల తరబడి ఎండ. 1879లో టెట్టే క్వార్షీ అనే కమ్మరి ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి నాటాడు. దక్షిణపు అడవి నేలలో ఆ చెట్టు బాగా పట్టింది. 1911 నాటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కోకో పండించే దేశం అదే. అప్పట్లో దాని పేరు గోల్డ్ కోస్టు. ఆ తోటలు దొరలు వేసినవి కావు. రైతులు తామే డబ్బు కూడబెట్టి, అడవి కొనుక్కుని, చెట్లు కొట్టి వేసుకున్నవి. కష్టపడే అలవాటు లేనివాళ్ళు చేసే పనేనా అది? ఉత్తరాది నేలలో కోకో పండదు గనక అక్కడివాళ్ళు ఆ తోటల్లోకి కూలికి వచ్చారు.

మరి మన సంగతో? 1832-33లో, నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు సీమలో జనం మలమల మాడి చచ్చిపోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలవల కింద నేల అన్నపూర్ణ అయింది. మనుషులు మారలేదు, నీళ్ళొచ్చాయి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలవలు తవ్వారు. కష్టంలో వాళ్ళు మనకేం తీసిపోయారు? వాళ్ళ ఊరికి కాలవ రాలేదు, అంతే.

ఇక ఆచారం. కుమాసీ ప్రాంతపు ఆకాన్ జనంలో వంశం తల్లి వైపునుంచి లెక్క. మగవాడు పోతే అతని ఆస్తి కొడుకులకు కాక మేనల్లుడికి చేరేది. మా మిత్రుడి తల్లి ఇరవై ఏళ్ళు భర్త కోకో తోటలో చాకిరీ చేసింది. ఆయన పోగానే తోట మేనల్లుడి పరమయింది. ఆవిడ కుమాసీ సంతలో బట్టలమ్మి కొడుకుని చదివించింది. 1985లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. వీలునామా రాయకుండా పోయినవాడి ఆస్తిలో ఎక్కువ భాగం భార్యాబిడ్డలకే చెందాలంది.

చిత్రమేమిటంటే అదే 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు కల్పించింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించదు. మా అక్కయ్య పెళ్ళి 1978లో జరిగింది. ఆ అడ్డు తొలగడానికి 2005 నాటి కేంద్ర చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

చివరగా చదువు. మాకు కాలవ కింద ఎనిమిదెకరాలు. ఆ ధాన్యం డబ్బే నన్ను మెడిసిన్, తమ్ముణ్ణి ఇంజినీరింగు చదివించింది. మా ఇద్దరికీ ఇంట్లో లెక్కలు చెప్పిన అక్కయ్య చదువు మాత్రం పదో తరగతితో ఆగిపోయింది. కాలేజీ పట్నంలో ఉంది, హాస్టలు ఖర్చు ముగ్గురికీ పెట్టలేమన్నారు. ముగ్గురిలో ఎవరిది మానిపించాలో ఇంట్లో ఎవరూ ఆలోచించనే లేదు. 1965లో అమెరికా వలస చట్టం మారి, చదువుకున్నవాళ్ళకు దారి తెరుచుకుంది. ఆ దారినే మేమూ వచ్చాం, ఘనా డాక్టర్లూ నర్సులూ వచ్చారు. కోకోని గింజలుగా అమ్మి చాక్లెట్టుగా కొనుక్కుంటాం, మనుషుల విషయంలోనూ మాది అదే వ్యాపారం అనేవాడు మా మిత్రుడు. మన డెల్టా ధాన్యం కూడా డిగ్రీలై ఓడలూ విమానాలూ ఎక్కింది గదా!

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మూడేళ్ళ క్రితం మా నాన్నగారు తొంభై నాలుగో ఏట కాలం చేశారు. పొలం పంపకాలు కాలేదు. ఊళ్ళో పెద్దలు ఒక కాగితం తయారుచేయించారు. "పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చేశాం గదా, నీకేమీ హక్కు లేదని సంతకం పెట్టమ్మా" అని అక్కయ్యను అడిగారు. అక్కయ్య మారుమాట లేకుండా పెడతానంది. నేనే ఆపించాను.

తమ్ముడికి నా లెక్క రాసి పంపాను. మన ఇద్దరి వాటా కాలేజీ ఫీజుల రూపంలో ఎప్పుడో తీసుకున్నాం, దాని మీద వడ్డీ ఇక్కడ నలభై ఏళ్ళుగా తింటున్నాం, మిగిలిన నేల అక్కయ్యది అన్నాను. చట్టం ప్రకారం మూడో వంతు చాలంటాడు తమ్ముడు. ఇంకా తెగలేదు. మన సంఘంలో ఇలాంటి కాగితాలు చాలామంది ఇళ్ళకు వస్తున్నాయని తెలుసు. సంతకం పెట్టేముందు, పెట్టించేముందు, ఎవరి చదువుకి ఎవరు ఫీజు కట్టారో ఒక్కసారి లెక్క వేసుకోండి. ఆ లెక్క పిల్లల ఎదుటే వేయండి. ఆఫ్రికా గురించి విందులో విన్నదానికన్నా అది వాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.