మోకాళ్లు వంచే నీళ్లు

నవ్వితే చాలు, ఏ నీళ్లు తాగి పెరిగారో తెలిసిపోతుంది పశ్చిమ ప్రకాశంలో. పళ్ల మీద గోధుమరంగు గార... ఎంత తోమినా పోదు. మార్కాపురం, కనిగిరి, పొదిలి చుట్టుపక్కల బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పని అది. పళ్లతో ఆగితే సరే! కొందరిలో అది కీళ్లదాకా వెళ్తుంది.

ఈ జబ్బును మొదట గమనించింది రైతులేనంటారు. 1930ల్లో కాడి మోసే ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోయాయట. తర్వాత మనుషుల్లోనూ అదే కనిపించింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. షార్ట్, పండిట్, రాఘవాచారి పరిశీలించి 1937లో వైద్యపత్రికలో రాశారు. దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదిక అదే. నల్గొండ ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగలడాన్ని 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బయటపెట్టారు.

అలాగని 'మోకాలు నిలవట్లేదు డాక్టరుగారూ' అన్న ప్రతివాళ్లదీ ఫ్లోరైడే కాదు. కబడ్డీలో కాలు మెలికపడి, 'టప్'మని, గంటల్లో వాచి, ఆ తర్వాత పక్కకు తిరిగినప్పుడల్లా మోకాలు జారుతోందంటే అనుమానించాల్సింది లిగమెంటును. మోకాలు కొద్దిగా వంచి పిక్క దగ్గర ముందుకు లాగి చూస్తే డాక్టరుకు సగం తెలిసిపోతుంది. మిగతాది ఎమ్మారై చెబుతుంది. కొందరికి తొడ కండరాల వ్యాయామాలే చాలు, ఆటగాళ్లకు తరచూ ఆపరేషన్ కావాల్సి వస్తుంది.

ఫ్లోరోసిస్‌ను పట్టుకోవడానికి ఇంట్లోనే చూడొచ్చు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు తల వెనక్కి వెళ్తాయా? కష్టమైతే ముంజేతి ఎక్స్‌రే, మూత్రపరీక్ష చేయించాలి. దీన్ని నయం చేసే మందు లేదు. బాగా వంగిన కాళ్లను ఎముక కోసి సరిచేస్తారు గానీ, అవే నీళ్లు తాగుతూ ఉంటే ఏం లాభం?

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. కాచితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో శుద్ధిచేసే నల్గొండ పద్ధతి ఉంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని 2002లో పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది. పులుసు మన ఇళ్లలో కొత్తేమీ కాదుగా!

ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెస్తామన్న వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. శంకుస్థాపన ఏడాది పుట్టిన పిల్లలకు అప్పటికి 28 ఏళ్లు. పళ్లకు గార పట్టే వయసు ఎనిమిదేళ్ల లోపే.