విమానం మనకు, నూలగం తిరుచ్చికి

ఈసారి కూడా కొంచెం పొడుగుగానే రాస్తున్నాము, ఓపిక చేసుకొని చదవండి.

2024 జూన్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ గారు శాసనసభలో ఒకే పొద్దు రెండు మాటలు చెప్పినారు. హొసూరులో 2,000 ఎకరాల్లో, ఏటికి 3 కోట్ల మంది వచ్చిపోయేటట్టు విమానాశ్రయం. తిరుచ్చిలో పెద్ద నూలగం. ఆ దినం మన వాట్సాప్‌లో అంతా విమానం మాటే. ఎకరా ఎంతకు పోతుందని లెక్కలు వేసినవాళ్లూ ఉన్నారు. నూలగం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మా మనసు మాత్రం ఆ రెండో మాట మీదే నిలిచింది.

మనది ఫ్యాక్టరీల ఊరు కదా. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటన్ పేర్లు అందరికీ తెలుసు. వాటి వెనకాల బోల్టులు, బుష్షులు చేసి ఇచ్చే చిన్న చిన్న షెడ్లు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. ఇటు గులాబీ తోటలు, అటు క్రిష్ణగిరి పక్క మామిడి, గుజ్జు తీసే ఫ్యాక్టరీలు. ఇంత పని నడిచే తావులో సైన్సు, వ్యాపారం సంగతులు వెతుక్కోవడానికి మనవాళ్లు ఎక్కడికి పోతున్నారు?

మాలో ఒకరి మేనల్లుడు లేత్ షెడ్డు పెట్టినాడు. ఫలానా ఐఎస్ ప్రమాణం ప్రకారం చేసి ఇవ్వమని ఆర్డరు వచ్చింది. ఆ కాగితం తెచ్చి ఇచ్చినందుకు ఒక కన్సల్టెంటు నాలుగు వేలు తీసుకున్నాడు. భారతీయ ప్రమాణాల బ్యూరో తన సొంత ప్రమాణాలను చాలామటుకు ఊరికే ఇస్తుంది. ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. పేటెంటు కార్యాలయం రికార్డులను వెతకడానికీ రూపాయి కట్టనక్కరలేదు. పేటెంటు ఉండేది 20 ఏండ్లే. గడువు తీరినదాన్ని, మన దేశంలో అసలు తీసుకోనిదాన్ని, ఎవరైనా చూసి చేసుకోవచ్చు. ఈ మాట చెప్పేవాళ్లు లేక ఆ పిల్లవాడి నాలుగు వేలు పోయినాయి. ఆ నెల అద్దె అప్పు చేసి కట్టినాడు.

నూలగానికి మనం డబ్బు కట్టడం లేదా అంటే, కడుతూనే ఉన్నాము. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 10 పైసలు ‘నూలగ వరి’ అని ఉంటుంది. (తమిళంలో వరి అంటే పన్ను. మన ఇంట్లో అవ్వ ఉన్నప్పుడు వరి అంటే వడ్లే.) ఆ పద్ధతి 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టంతో వచ్చింది. అప్పుడు విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్. దాని వెనక ఉన్నది శీర్గాళిలో పుట్టిన రంగనాథన్ గారు. లెక్కల పంతులుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం నూలగానికి వచ్చినారు. స్వతంత్రం వచ్చినాక దేశంలో ఇట్లాంటి చట్టం ఇదే మొదటిది. అప్పటికి ఆంధ్రా జిల్లాలు కూడా మద్రాసులోనే ఉండినాయి కాబట్టి అది తమిళులకెంతో మనకూ అంతే.

అంతకుముందే 1931లో మన్నార్గుడిలో ఎద్దుబండి మీద ఊరూరికీ పుస్తకాలు తిప్పినారు. 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు పడవలో తిప్పినారు. బండి వాళ్లది, పడవ మనది. రెండూ చదివేవాడి గడప దాకా పోయినాయి. ఇప్పుడు జిల్లా మైయ నూలగం క్రిష్ణగిరిలో ఉంది. హొసూరు నుంచి 50 కిలోమీటర్లు. ఆ ఊరికి ఈనాటికీ రైలు లేదు, బస్సే గతి. రైల్వేలో గుమాస్తా పని చేసి దిగినవాళ్లం, ఈ మాట రాయడానికి మాకే సిగ్గుగా ఉంది.

ఇంకొక సంగతి. 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం 13,000 దాకా పరిశోధన పత్రికలను ప్రభుత్వ కాలేజీలకు, సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మన పిల్లలెవరైనా ప్రభుత్వ కాలేజీలో చదువుతూ ఉంటే అడిగి చూడండి. లేత్ షెడ్డువాడికి, గులాబీ రైతుకు మాత్రం అది అందదు.

అందుకే ఉపన్యాసాలు కావాలంటున్నాము. ఏటేటా హొసూరు పుస్తకాల పండుగలో సాయంత్రం మాటలు వింటూనే ఉన్నాము, బాగుంటాయి. నూలగాల్లో వాసగర్ వట్టాలు కూడా కూటాలు పెడతాయి. అన్నీ తమిళంలోనే. మేము చదివిందీ తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు కుప్పం స్టేషను బోర్డు చూసి కూడబలుక్కున్నవాళ్లం. ఒత్తిడి అంటే మాకు తట్టదు, ‘అళుత్తం’ అంటే తెలుస్తుంది. అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. తోటలో మందు కొట్టే రైతు సందేహం అడిగేదీ ఆ తెలుగులోనే. పుస్తకం తెలుగులో లేకున్నా మాట తెలుగులో ఉండవచ్చు కదా. 1906లోనే విజ్ఞానచంద్రికా మండలివాళ్లు సైన్సును తెలుగులో రాయడానికి పూనుకొని, తరవాత మద్రాసుకు వచ్చి అచ్చు వేసినారు. మనం నెలకొక గంట మాట్లాడలేమా?

చెప్పేవాళ్లు దూరంలో లేరు. కావేరిపట్నం దగ్గర పైయూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది. ‘పైయూరు 1’ మామిడి అక్కడిదే. మన సంఘంలోనే ఫ్యాక్టరీల్లో నాణ్యత విభాగంలో పని చేసి దిగినవాళ్లు, బ్యాంకులో అప్పుల కాగితాలు చూసినవాళ్లు ఉన్నారు. అన్నా, మీకు సభ అంటే భయమని తెలుసు. కుర్చీలో కూర్చొనే మాట్లాడండి.

మేము పోయే నూలగంలో అడిగి వచ్చినాము. ఆదివారం పొద్దున గది ఇస్తామన్నారు. ‘ఇరవై మంది వస్తారా’ అని ఒకే ప్రశ్న వేసినారు. వస్తారని చెప్పి వచ్చినాము. మొదటి దినం ఆ పిల్లవాడే లేత్ షెడ్డు లెక్క చెప్తాడు, ప్రమాణాలు ఎట్లా దించుకోవాలో ఫోనులో చూపిస్తాడు. ఇప్పటికి పేరు ఇచ్చినవాళ్లు ఏడుగురు. మిగతావాళ్లు కార్యదర్శి గారికి చెప్పండి.