రేకుపెట్టెలో మావాళ్లు

మాది అరకు లోయకు పైన కొండమీది చిన్న ఊరు. మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. అందులో నగలు లేవు, పట్టాలు లేవు. వెదురు పుల్లలు, గింజల దండలు, మాసిన అట్టముక్కలు ఉన్నాయి. ఏటా డిసెంబరులో ఆ పెట్టె కిందికి దిగుతుంది. అవన్నీ మా క్రిస్మస్ చెట్టుకు కట్టేవి. ఒక్కటీ కొన్నది కాదు. మా తాతకు రాయడం రాదు. అవ్వ కువి మాట్లాడేది, ఆ మాటను అక్షరాల్లో ఎన్నడూ చూడలేదు. అమ్మ పెళ్లి అయ్యేదాకా ఇంట్లో ఒక్క ఫొటో లేదు. అందుకే మా కుటుంబ చరిత్ర అంటూ ఏదైనా ఉంటే అది ఆ పెట్టెలోనే ఉంది.

మా చెట్టు సిల్వర్ ఓక్ కొమ్మ. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆ చెట్టును కాఫీ మొక్కల నీడకోసం మా కొండల్లో నాటారు. దాని ఆకు అడుగు వెండిలా మెరుస్తుంది. పండగ నాటికి కాఫీ పండ్లు ఏరే పని నడుస్తూ ఉంటుంది. తోట నుంచి వస్తూ ఒక కొమ్మ నరికి తెచ్చి, మట్టి నింపిన డబ్బాలో నిలబెడతాం. అవ్వ చిన్ననాడు ఈ చెట్టూ లేదు. గుమ్మం ముందు నక్షత్రం ఒక్కటే ఉండేది.

ఆ నక్షత్రం తాత చేసింది. వెదురు దబ్బలు సన్నగా చీరి, నారతో కట్టినది. అది చేసిన రోజుల్లో వెదురు నరకాలంటే భయమే. అటవీ చట్టాలు వెదురును చెట్టు కిందే లెక్కగట్టేవి. తాత చీకటిపడ్డాక వెళ్లి ఒక్క బొంగు తెచ్చాడట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అది చూడ్డానికి తాత లేడు. నక్షత్రానికి ఏటా కొత్త కాగితం అంటిస్తాం, దబ్బలు మాత్రం ఆయనవే.

అవ్వ గుర్తుగా ఆనపకాయ బుర్ర ముక్క ఒకటుంది. పోడుకు నీళ్లు మోసుకెళ్లిన బుర్ర పగిలితే, ఆమె దాని మెడభాగం దాచి, కన్నం పెట్టి దారం కట్టింది. అట్టతో చేసిన గంట మా మేనత్తది. ఆశ్రమ పాఠశాల నుంచి ఒక్కరోజు సెలవుకు ఇంటికి రాలేక, నోటుబుక్కు అట్ట కత్తిరించి చేసి పంపింది. లోపల తన పేరు, 'ఐదో తరగతి' అని రాసుంది. మా ఇంటి మనిషి చేత్తో రాసిన మొదటి అక్షరాలు మాకు తెలిసినంతలో అవే.

గురువింద గింజల దండ మా పెద్దన్నకోసం అమ్మ గుచ్చింది. ఆ గింజ నమిలితే విషం, అందుకే పిల్లలకు అందకుండా పైకొమ్మకే కడతాం. అన్నకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి మోశారు. కిందికి దిగేలోపే అయిపోయింది. ఆ దండను అమ్మ తప్ప ఎవరూ కట్టరు. కట్టేటప్పుడు ఆమె మాట్లాడదు. మేమూ అడగం.

ఇప్పుడు సంతలో రంగు బంతులు, మెరుపు దండలు చవగ్గా దొరుకుతున్నాయి. మా పిల్లలు అడిగితే కొన్నాం, చెట్టుకు కట్టాం కూడా. వాటితో మాకు తగవు లేదు. కొన్న బంతి పగిలితే ఇంకొకటి వస్తుంది. అవ్వ బుర్ర ముక్క పగిలితే ఏ సంతకు వెళ్లాలి?

అయినా వస్తువు ఒక్కటే మిగిలితే చాలదని అవ్వ పోయాక తెలిసింది. పెట్టెలో బొటనవేలంత వెదురు బుట్ట ఒకటుంది. అవ్వే అల్లిందని అమ్మ అంటుంది. కాదు, అవ్వ వాళ్లమ్మ అల్లిందని మేనత్త అంటుంది. తేల్చి చెప్పగలిగిన మనిషి లేదు. ఒక తరం మనిషి ఉన్నట్టా, లేనట్టా అన్నది ఆ బుట్ట దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది నుంచి ప్రతిదానికీ ఒక చీటీ కడుతున్నాం. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎందుకు అని అందులో రాస్తాం. బుట్ట చీటీ మీద ఇద్దరి మాటా రాశాం.

క్రిస్మస్ చేసుకోని ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. ఇటుకల పండుగకు తీసే బాణం, దింసాకు వాయించే డప్పు, చూరులో దోపిన పిల్లనగ్రోవి. ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. ఈ సెలవులకు పిల్లలు ఇంటికి వెళ్లేటప్పుడు, ఇంట్లో చేత్తో చేసిన వస్తువు ఒక్కటి చూసి రమ్మనండి. అది ఎవరు చేశారో, ఎందుకు చేశారో, ఇంటి భాషలో దాన్ని ఏమంటారో రాయించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు బడి చెప్పేదాకా ఆగకండి. చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడగండి.