ఎదుటి జట్టు

గెలిచిన కళాశాల పిల్లలు ఓడిన కళాశాలను గూర్చి మాటలాడుకొను మాటలను ఓపికతో వినువారికి, అందు గర్వముకంటె ఆశ్చర్యమే యెక్కువగా నుండునని తెలియును. ఒకనాడు తమను గడగడలాడించిన జట్టు నేడు బంతి పాదమునకు వచ్చిన క్షణముననే దానిని వదిలించుకొనుటకు తొందరపడు స్థితికి దిగజారినదన్నచో, గెలిచినవారి సంతోషములో నేదో వెలితి యేర్పడి, దీనికి కారణమేమని పదేపదే తర్కింపజేయును. హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము గోడ వెలుపల, చాయ్ బండ్ల యొద్ద, ఆటల కాలమున ప్రొద్దుగ్రుంకిన పిమ్మట సాగు చర్చలలో సగపాలు ఈ తర్కమే.

"వాళ్లల్ల దమ్ము లేదన్నా. రెండో గోలు పడంగనే తలకాయలు దించేసిండ్రు" అని యొకడనును. "దమ్ము ఏడికెల్లొస్తదిరా, నేర్పెటోడుంటే గద! పీడీ సారు పోయినప్పటి సంది గట్లనే అయితున్నది" అని మరియొకడు. "సారుంటే మాత్రం? మనోళ్లకు సారున్నడు కాబట్టేనా గెలిచింది? ఆడెటోనికుండాలె" అని మూడవవాడు గ్లాసు దింపి కలుగజేసికొనును. చాయ్ చల్లారును గాని వాదము చల్లారదు. ఆ వాదమున ఎవరి పక్షము వహింపవలెనో తేల్చుకొనక యింటికి పోవుట నాకెన్నడును సాధ్యము కాలేదు. ఏలయన అది ఫుట్‌బాల్ ఆటను గూర్చిన వాదము మాత్రమే కాక, పిల్లలను మనము ఏ దృష్టితో చూచుచున్నామను ప్రశ్నగా కూడ నాకు తోచుచుండును.

దమ్ము పుట్టుకతో వచ్చు గుణమనియు, అది లేనివానికి దానిని ఏ గురువును పోయజాలడనియు ఒకరి నమ్మకము. గురువు సమర్థుడైనచో ఎట్టివానినైనను దిద్ది తీర్పగలడని వేరొకరి నమ్మకము. మైదానమున మనము ధైర్యమని పిలుచు దానిలో చాల భాగము అలవాటని నా అభిప్రాయము. డెబ్బదియవ నిమిషమున పిక్కలు పట్టి, ఊపిరి గొంతులో తగులుకొని, ప్రేక్షకుల కేకలు చెవిలో రొదగా మారినప్పుడు, తానెచ్చట నిలువవలెనో, తన ప్రక్కవాడెచ్చటికి పరుగెత్తునో, తాను తప్పిపోయినచో వెనుకనున్నవాడు ఏమి చేయునో ఆలోచింపకయే ఎరిగియుండుట యేదికలదో, దానినే దూరమునుండి చూచు మనము గుండెనిబ్బరమందుము. అది తెల్లవారుజామున అయిదున్నరకు, మంచు పట్టిన గడ్డిమీద, చూచువాడెవ్వడును లేని వేళ సంపాదింపబడునది. అటువంటి ఉదయములను ఎవ్వరును ఏర్పరుపని పిల్లలు సాయంకాలమున దానిని ఎచ్చటినుండి తేగలరు?

గత శీతకాలమున మా కళాశాల ఆడగా నేను చూచిన యొక యాటను చెప్పెదను. ఎదుటి కళాశాల జట్టుతో వచ్చినవాడు అటెండరు ఒక్కడే. ఆతని చేతిలో ఎంట్రీ ఫారముల సంచియు, గుర్తింపు కార్డుల కట్టయు, కొన్ని గ్లూకోజు పొట్లములును ఉండెను. ఆ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరు (పీడీ) పదవి కొంతకాలముగా ఖాళీగా నున్నదట. విరామ సమయమున మా పిల్లలందరును పీడీ గారి చుట్టు వలయముగా కూర్చుండగా, ఆయన చెప్పు కొనతో నేలపై గీతలు గీచి, తమ కుడివైపున ఏర్పడిన సందును చూపి, ఒక్కొక్కని పేరు పెట్టి పిలిచి వాని పనిని వానికి చెప్పుచుండెను. ఆవలి పిల్లలు నీళ్లు త్రాగి, ఎవరి నీడను వారు వెదకుకొనిరి. వారిలో నిరువురు ఒకరినొకరు తప్పుపట్టుకొనుచుండిరి. తీర్పు చెప్పువాడు లేడు.

రెండవ సగమున వారి స్టాపరుగా నాడిన బాలుని నేను మరువలేను. మోకాలికి చేతిరుమాలు కట్టుకొని, మా ఫార్వర్డు కాలు లేచిన చోటికి తన తల నడ్డుపెట్టి, బంతిని పలుమార్లు దూరముగా పంపెను. పంపిన ప్రతిసారియు ఆ బంతి మా వారికే చిక్కెను. ఏలయన దానిని అందుకొనుటకు ఎవ్వడెచ్చట నిలువవలెనో వారికెవ్వరును చెప్పియుండలేదు. గోల్‌కీపరు "ఎడమకు, ఎడమకు" అని కేకలు వేయుచున్నను వెనుకకు తిరిగి చూచు అలవాటు రక్షకులకు లేదు. నాలుగవ గోలు పడిన తరువాత ఆ బాలుడు గీత వెంబడి ఒకసారి పారజూచెను. అచ్చట సంచితో అటెండరు తప్ప మరెవ్వరును లేరు. ఆ సాయంకాలము చాయ్ బండి యొద్ద "వాళ్లల్ల దమ్ము లేదు" అను మాట విని, ఆ పిల్లవానిని తలచుకొని నాకు నిజముగా కోపము వచ్చినది. అతనికి గుండె లేదనువాడు బంతిని చూచినాడు గాని ఆటను చూడలేదు.

ఈ విషయమున మన ప్రాంతమువారికి పాఠము చెప్పుటకు దూరదేశపు ఉదాహరణము లక్కరలేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదున బడిపంతులు. ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పి, వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడైన ఆ మనుష్యుని చేతిలో, ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన పిల్లలకు పెట్టిన పోటీలలో నొకటి నాకు మిక్కిలి ప్రీతికరము: వాటముకాని కాలితో మాత్రమే బంతిని తన్నవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తడబడి, సిగ్గుపడి, నలుగురు నవ్వగా మరల తన్ని, క్రమక్రమముగా రెండు కాళ్లవాడగును. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరామ్ శిక్షణకు వచ్చుటకు దారిఖర్చులు లేవని చెప్పగా, సైకిలు అద్దెకు డబ్బు తానే యిచ్చి రప్పించుకొన్నవాడు రహీమ్. ఆ బలరామ్ తరువాత భారతజట్టుకు ఎటువంటి ఆటగాడైనదియు ఫుట్‌బాల్ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

రహీమ్ శిక్షణలోనే మన జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఓడినదను సంగతిని చాలమంది మరచిపోవుదురు. ఆ చలిలో, మనవారిలో పలువురు వట్టి కాళ్లతో ఆడిరి. ఆనాటి చాయ్ దుకాణములలో ఆ జట్టును గూర్చియు, ఆ శిక్షకుని గూర్చియు ఎట్టి మాటలు పుట్టియుండునో ఊహించుట కష్టము కాదు. అటుపిమ్మట బూట్లు తప్పనిసరియైనవి. శిక్షకుని మాత్రము తరిమివేయలేదు. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్‌లో ఆ రహీమ్ జట్టే ఆస్ట్రేలియాను నాలుగు రెండుగా ఓడించి, నెవిల్ డిసౌజా మూడు గోళ్లు వేయగా, ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమున నిలిచినది. పది గోళ్లు తిన్నవారికి దమ్ము లేదని తీర్పు చెప్పి ముగించియున్నచో మెల్‌బోర్న్ ఉండెడిది కాదు.

జకార్తాను గూర్చి చెప్పక ముందుకు పోజాలను. 1962 ఏషియన్ క్రీడలలో మనవారు తొలి యాటలోనే దక్షిణ కొరియాకు రెండు గోళ్ల తేడాతో ఓడిరి. థాయిలాండుతో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. కుట్లు పడిన రక్షకుని ఇంటికి పంపుట సామాన్య శిక్షకుని బుద్ధి. రహీమ్ ఆతనిని వెనుకనుండి తీసి, సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపెను. సెమీఫైనలులో జర్నైల్ గోలు వేసెను. క్రీడల ఆహ్వానములను గూర్చిన రాజకీయ కలహమువలన భారతదేశముపై కసితో నున్న వేలాది ప్రేక్షకులు అడుగడుగునకు ఈలలు వేసి గేలిచేయుచుండగా, సెప్టెంబరు 4న ఫైనలున పి. కె. బెనర్జీ మొదటి గోలును, కుట్ల తలతో జర్నైల్ సింగ్ రెండవ గోలును వేయగా, అదే కొరియాను రెండు ఒకటిగా మనవారు గెలిచిరి. ఇందు ధైర్యమెవరిది? నిస్సందేహముగా జర్నైల్‌దే. కాని ఆ ధైర్యమును ఎచ్చట నిలిపినచో జట్టునకు పనికివచ్చునో తెలిసినది మరియొకనికి. ఆ గెలుపునకు ఏడాదియైనను నిండకముందే, 1963 జూన్ 11న, రహీమ్ క్యాన్సరుతో మరణించెను. ఆ తరువాత ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణము మనకు నేటివరకును దక్కలేదు. ఆయనతోపాటు మన ఆటగాళ్ల దమ్ము కూడ పోయినదా?

ఫుట్‌బాల్ చూడనివారు కబడ్డీని చూతురు గదా. ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ ఎనిమిదవ సీజనున 22 ఆటలలో ఒక్కటి, తొమ్మిదవ, పదవ సీజనులలో రెండేసి గెలిచి, మూడేండ్లు వరుసగా 12 జట్లలో పండ్రెండవ స్థానమున నిలిచినప్పుడు ఓరుగల్లులో వినవచ్చిన మాటలు నాకు జ్ఞాపకమున్నవి. కోట్లు పోసి పవన్ సెహ్రావత్ వంటి రైడరును తెచ్చినను పదవ సీజను మారలేదు. ఏడవ సీజను మొదలు పదవదాక సీజనునకొక శిక్షకుడు మారెను. కృష్ణకుమార్ హుడా 2024లో వచ్చిన పిమ్మట ఆ జట్టు పండ్రెండు ఆటలు గెలిచినది. ఆయననే నిలుపుకొన్న మరుసటి సంవత్సరము ప్లేఆఫ్‌లకు చేరినది. ఒక్క శిక్షకుడే సర్వమును మార్చెనని నేననను. మంచి ఆటగాళ్లును చేరిరి. అయినను, ఏటేట గురువును మార్చు ఇంట శిష్యుడు ఏ పాఠమును పూర్తిగా వినజాలడు.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలము కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తిని ఊరివారు చిన్ననాడు హేళన చేసిరి. ఆమె పరుగును మొదట గుర్తించినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. పిదప నాగపురి రమేశ్ హైదరాబాదున తీర్చిదిద్దెను. ఆమె 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో నాలుగువందల మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ విజేతయై, అదే యేట ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యమును తెచ్చెను. ఆమె గుండెను ఏ గురువును పోయలేదు. అది ముందే యుండెను. ఊరంతయు చూచి కూడ కనుగొనలేని దానిని ఒక బడిపంతులి కన్ను కనిపెట్టెను. చాయ్ బండి యొద్ద వాదించు ఇరుపక్షములవారికిని నేను చూపదలచిన సాక్ష్యమిదియే.

ఇక ఎదుటి జట్టు బాగుపడినచో మనకేమి లాభమని అడుగువారు కలరు. వారికి పాత సంగతి యొకటి చెప్పెదను. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఓరుగల్లు కళాశాలలు ఉస్మానియా క్రిందనే యుండెను. ఆ విశ్వవిద్యాలయపు జట్టులో చోటు దక్కవలెనన్నచో రాజధాని పిల్లలతో తలపడవలసినదే. తనకంటె బలవంతునితో ఆడినవానికే తన ఆట తనకు తెలియును. మా పిల్లలు నాలుగు గోళ్లతో గెలిచిన ఆ సాయంకాలము వారు నేర్చుకొన్నది స్వల్పము. కుడివైపున తమకున్న సందును ఎదుటివారెవ్వరును పరీక్షింపలేదు గనుక అది యట్లే మిగిలినది. మరుసటి యాటలో, బలమైన జట్టుతో తలపడగా, ఆ సందుననే రెండు గోళ్లు పడినవి.

కావున, ఆ కళాశాలలో ఖాళీ పదవిని నింపవలెనని అడుగవలసినవారు అచ్చటి పిల్లలు మాత్రమే కారు, మేమును. ఈ మాటను మొన్న చాయ్ బండి యొద్ద చెప్పగా, మూడవవాడు కొంతసేపు ఊరకుండి, "నిజమే సార్, గట్టి జట్టుంటేనే మజా. కని ఆల్లకు సారొచ్చి మళ్ల మనల్ని ఓడగొడితే?" అని యడిగెను. "ఓడించనీ. మనమును ఉదయము ఇంకొక అరగంట ముందుగా లేచెదము" అంటిని. ప్రక్కనున్నవాడు అప్పుడే ఆ స్టాపరు పేరేమని, ఏ సంవత్సరము చదువుచున్నాడని, వచ్చు యేడు విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికకు వాడు వచ్చునా యని అడుగుచుండెను.