గుడ్డూ, గామో, మా నాన్నా

మా సెంబవాంగ్‌లో ఒక వేడినీళ్ళ బుగ్గ ఉంది. 2020లో బాగుచేసి పార్కులా మళ్ళీ తెరిచారు. నీళ్ళు పైకొచ్చేచోట దాదాపు 70 డిగ్రీల వేడి. ఆదివారం వస్తే చాలు, జనం గుడ్లు పట్టుకుని తయారు. బకెట్లో ఆ నీళ్ళు పట్టి, గుడ్లు వేసి, మూతపెట్టి కూర్చోవడమే. మొన్న మేమూ వెళ్ళాం.

మూడో క్లాసు చదివే మావాడు గుడ్డు పగలగొట్టి, "నాన్నా, లోపల ఉడికింది, బయట ఉడకలేదేంటి?" అన్నాడు. నిజమే! పచ్చసొన గట్టిపడింది, తెల్లసొన జావలా జారిపోతోంది. వేడి బయట్నుంచే కదా లోపలికెళ్ళేది? మంచి ప్రశ్నే. కానీ అలవాటుకొద్దీ నా నోట్లోంచి వచ్చిందేంటంటే, "అవన్నీ తర్వాత. ఇంటికెళ్ళి ముందు అసెస్‌మెంట్ బుక్ పూర్తిచెయ్యి."

అన్నాక, ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఎక్కడో ఏంటి, మా ఇంట్లోనే.

ఇంటర్లో ఉండగా విజయవాడ పుస్తకాల పండగలో నందూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం' కొనుక్కున్నా. చిన్నప్పుడు టామ్ సాయర్నీ, 'కాంచన ద్వీపా'న్నీ తెలుగులో చదివించింది ఆయనే. సముద్రపు దొంగల వెంట తిప్పిన మనిషే ఈసారి చెయ్యిపట్టుకుని నక్షత్రాల్లోకి తీసుకెళ్ళాడు. లెక్కల గైడులో పెట్టుకు చదువుతుంటే మా నాన్న చూసి లాక్కుని, బీరువా ఎక్కించేశారు. "ఇవన్నీ తర్వాత. ముందు ఎంసెట్ సంగతి చూడు."

ఆ 'తర్వాత' రావడానికి పదేళ్ళు పైనే పట్టింది. ఎంసెట్, ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్, ఉద్యోగం... చదివినవన్నీ మాన్యువల్సే. చివరికి సన్ ప్లాజాలోని మా లైబ్రరీలో జార్జ్ గామో రాసిన మిస్టర్ టాంప్కిన్స్ కథలు దొరికాయి. టాంప్కిన్స్ ఓ బాంకు గుమాస్తా. సాపేక్షతా సిద్ధాంతం మీద ఉపన్యాసానికెళ్ళి హాయిగా నిద్రపోతాడు. కలలో ఓ ఊరు, అక్కడ కాంతి వేగం దాదాపు సైకిలు వేగమంతే! సైకిలు తొక్కేవాళ్ళు అప్పడాల్లా నొక్కుకుపోయి కనిపిస్తారు. నేనూ బాంకు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టేవాణ్ణే కాబట్టి వెంటనే చుట్టరికం కలిసిపోయింది. ఆరోజు రాఫిల్స్ ప్లేస్‌లో దిగాల్సినవాణ్ణి మరీనా బే దాకా వెళ్ళిపోయా.

ఈ గామో మహా చిలిపి. విశ్వం పుట్టినప్పుడు మూలకాలు ఎలా ఏర్పడ్డాయో చెప్పే వ్యాసం 1948లో శిష్యుడు ఆల్ఫర్‌తో కలిసి రాస్తూ, పేర్లు ఆల్ఫా-బీటా-గామాలా వినబడాలని, ఆ పనితో సంబంధంలేని బేతే పేరు మధ్యలో ఇరికించాడు! అచ్చయింది కూడా ఏప్రిల్ 1నే. ఆటలాడితే చదువు చెడుతుందని ఎవరన్నారో గానీ, గామోని చూసుండరు.

సరే, గుడ్డు. రాత్రి నేనే వెతికి చదివా. పచ్చసొన 65, 70 డిగ్రీల మధ్యే గట్టిపడుతుంది. తెల్లసొనలో ముఖ్యమైన ప్రొటీనుకి 80 దాటాలి. మన బుగ్గ సరిగ్గా మధ్యలో ఉంది. మావాణ్ణి పిలిచి, "పచ్చసొన మీ తాతయ్య లాంటిదిరా, కోడి కూయగానే లేస్తుంది. తెల్లసొన నేను. అలారం నాలుగుసార్లు మోగితేగానీ లేవను" అన్నా. పడీపడీ నవ్వి, "అయితే 80 పెట్టి చూద్దామా?" అన్నాడు. అసెస్‌మెంట్ బుక్ ఆ రాత్రికి తెరుచుకోలేదు.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశా. ఆయన్ని తప్పుపట్టాలని కాదు, ఆ ఎంసెట్టే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. ఊరికే, ఆ పుస్తకం ఇంకా ఉందా అని అడిగా.

"బీరువాలోనే ఉందిరా. నువ్వు హాస్టలుకెళ్ళాక నేనూ చదివా," అని కాసేపాగి, "బానే రాశాడు. వచ్చేప్పుడు తెస్తాలే, వాడికి చదివి వినిపిద్దువుగాని" అన్నారు. మావాడికి తెలుగు చదవడం రాదన్న సంగతి ఆయనకి తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

అసెస్‌మెంట్ బుక్ మానిపించలేదండోయ్, అంత ధైర్యం లేదు. ముందూ తర్వాతా మాత్రం తారుమారు చేశాం. 80 డిగ్రీల ప్రయోగం వచ్చే ఆదివారం, మా వంటింట్లో. మా ఆవిడ ఇప్పటికే థర్మామీటర్ దాచేసింది.