మేడ మీది తరావీహ్

కర్నూలు పాతబస్తీలోని మా మేడపై నిలిస్తే ఒకవైపు కొండారెడ్డి బురుజు, మరొకవైపు తుంగభద్ర కనిపిస్తాయి. 2020 ఏప్రిల్ 24 సాయంత్రం రమజాన్ నెలవంకను అక్కడి నుంచే చూశాం. లాక్‌డౌన్ మొదలై అప్పటికి నెల రోజులు.

మహమ్మారి వ్యాపించిన ఊరిలోకి వెళ్లరాదనీ, అక్కడున్నవారు ఊరు విడువరాదనీ దైవప్రవక్త (స) చేసిన బోధను మద్రసాలో ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. దానిని ఆచరించవలసిన వేళ మాత్రం, ముప్పై ఏళ్లుగా తరావీహ్ చేయించిన మస్జిద్ కోసం నా మనసు తల్లడిల్లింది.

ఆ రాత్రి మేడ మీదే చాపలు పరిచాం. నా వెనుక కుమారులు, వారి వెనుక అమ్మీ, నా భార్య, కోడలు. వాహనాల రొద లేదు. నది మీదుగా వచ్చే గాలి, వేపపూల పరిమళం, తలపై నక్షత్రాలు.

నమాజు ముగిశాక అమ్మీ మెల్లగా అన్నారు: "ఇన్నేళ్లూ నీ పారాయణం ఊరంతా విన్నది బేటా. ఈనాటికి నా వంతు వచ్చింది."

తల దించుకున్నాను. దూరమైన మస్జిద్‌ను తలచి దుఃఖించానే గాని, ఇంట్లోనే ఎదురుచూస్తున్న తల్లిని గుర్తించలేకపోయాను. కష్టకాలంలోనూ అల్లాహ్ కారుణ్యం మన గడపలోనే ఉంటుందని ఆ రాత్రి తెలిసింది.

మస్జిద్‌లు మళ్లీ కళకళలాడుతున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. అయినా ఏటా ఖుర్ఆన్ పారాయణం పూర్తయ్యాక, ఒక రాత్రి తరావీహ్ ఇంటివారితో మేడ మీదే చేస్తున్నాను. అమ్మీ నిలిచిన చోట ఇప్పుడు మనుమరాలు నిలుస్తోంది.