మూడు పళ్ల ముచ్చట

ఏమండీ, నోట్లో ఎక్కడైనా ఖాళీ ఉందా? దవడ పన్నే కదా, నవ్వితే కనబడదులే అని ఊరుకున్నారా? మీరు ఊరుకున్నా పళ్లు ఊరుకోవండీ! బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీ అయితే మనం జరగమూ? అవీ అంతే. పక్క పన్ను మెల్లగా అటు వాలుతుంది. ఎదురు పన్ను ఖాళీలోకి దిగి వస్తుంది. ఇక జంతిక నమలాలంటే ఏ దవడకి తోయాలా అని రోజూ లెక్కలే.

అందుకే బ్రిడ్జి అంటే నాకు అంత ముచ్చట. అటు పన్నూ ఇటు పన్నూ కాస్త అరగదీసి తొడుగులు వేస్తారు. మధ్యలో ఉత్తుత్తి పన్ను. మూడూ ఒకటే ముక్క! సిమెంటుతో అతికించేస్తారు. అవునండీ, దాన్నీ సిమెంటనే అంటారు. రాత్రిపూట తీసి గ్లాసులో వేసే పని లేదు.

ఇదేదో నిన్నటి సోకు అనుకునేరు! ఇటలీలో ఎట్రుస్కన్లు రెండున్నర వేల ఏళ్ల కిందటే బంగారు పట్టీతో పెట్టుడు పన్నుని పక్క పళ్లకి బిగించుకున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టం రంగు చూసే ఘట్టం. ఏ1, ఏ2, ఏ3 అంటూ వరసగా గుచ్చిన బుల్లి పళ్లు తెచ్చి మీ పళ్ల పక్కన పెట్టి చూస్తారు. పగటి వెలుగులో వెళ్లండి. లిప్‌స్టిక్ వేసుకోకండి. అన్నిటికన్నా తెల్లది కావాలని మాత్రం పేచీ పెట్టకండి, పక్కవాటితో కలవాలి కదా! చివర్లో, ఎత్తు సరిపోయిందో లేదో చూడ్డానికి నీలం కాగితం కొరికిస్తారు. మచ్చ గట్టిగా పడ్డచోట రవ్వంత గీకుతారు. మొహమాటపడి "సరిపోయిందండీ" అనేయకండి. మళ్లీ కొరకండి, మళ్లీ చెప్పండి.

పక్క పళ్లు శుభ్రంగా, నిక్షేపంగా ఉంటే మాత్రం అరగదీయించుకునే ముందు ఆగండి. పోయిన పింగాణీ పొర మళ్లీ రాదు. దవడ ఎముకలో నాటే ఇంప్లాంటు కుదురుతుందేమో అడగండి. ముందు పన్నయితే, వెనక రెక్కతో అతికించే మేరీల్యాండ్ బ్రిడ్జి గురించీ అడగండి. ఆ పక్కవాటికి ఎలాగూ పెద్ద ఫిల్లింగులుంటే ఇంకేం ఆలోచన? బ్రిడ్జే!

పెట్టించుకున్నాక ఐసు ముక్కలు కొరకద్దు. ఉత్తుత్తి పన్ను పుచ్చదు గానీ, తొడుగు కింద అసలు పన్ను పుచ్చొచ్చు. బ్రిడ్జి కింద నుంచి దూర్చే గట్టి కొస దారం ఉంటుంది, డాక్టరుగారినే అడిగి తెచ్చుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు అటూ ఇటూ లాగండి, మరిచిపోకండేం!